ఊరి బయట ఉన్నందుకు రాయితీ

ఊరికి బయట ఉండటమంటే ఏమిటో మన వాడల్లో పుట్టినవాళ్లకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. బావి వేరు, దారి వేరు, శ్మశానం వేరు. అయితే బయట ఉన్నందుకు పన్ను మాఫీ చేసే చట్టం కూడా ఈ దేశంలో ఉంది. ప్రత్యేక ఆర్థిక మండళ్ల చట్టం 2005, 53వ సెక్షన్: సెజ్‌ను దేశపు కస్టమ్స్ పరిధికి బయటి ప్రాంతంగా భావించాలి. సత్యవేడు, వరదయ్యపాళెం మండలాల్లోని శ్రీసిటీ సెజ్ కంచె దాటి లోపలికి వెళ్తే సుంకాల లెక్కలో మనం దేశం దాటినట్టే!

ఆ బయటితనానికి ఎంత మర్యాదో చూడండి. దిగుమతి సుంకం లేదు. ఎగుమతి లాభం మీద ఆదాయపు పన్ను మొదటి అయిదేళ్లు పూర్తిగా మాఫీ, తర్వాతి అయిదేళ్లు సగం, ఆ పై అయిదేళ్లు లాభాన్ని మళ్లీ వ్యాపారంలో పెడితే సగం దాకా. 2012 నుంచి మ్యాట్ వేశారు, 2020 తర్వాత మొదలైన యూనిట్లకు ఆదాయపు పన్ను మాఫీ ఆపేశారు, నిజమే. ముందే మొదలైనవాటికి పదిహేనేళ్ల లెక్క అలాగే ఉంది.

మరి బాధ్యత? ముఖ్యంగా ఒక్కటే. అయిదేళ్లు కలిపి చూస్తే తెచ్చిన విదేశీ మారకం, ఖర్చుపెట్టినదానికంటే ఎక్కువ ఉండాలి. ఎందరికి పనిచ్చావు, పర్మినెంటు ఎందరు, భూమి పోయిన ఇళ్లవాళ్లు ఎందరు? ఈ మాఫీకి వీటిలో ఒక్కటీ షరతు కాదు. కార్మిక చట్టాలను సెజ్‌లో సడలించకూడదని చట్టంలోనే ఉంది. కానీ 2006 నిబంధనలు సెజ్‌లను ప్రజోపయోగ సేవలుగా ప్రకటించమని రాష్ట్రాలకు చెప్పాయి. అంటే ముందు నోటీసివ్వకుండా సమ్మె చేస్తే చట్టవిరుద్ధం. సెల్‌ఫోన్లు బిగించే పని మంచినీళ్ల సరఫరా సరసన చేరిపోయింది.

ఇప్పుడు ఇంట్లో ట్రంకుపెట్టె అడుగునున్న డీకేటీ పట్టా తీయండి. కాగితం నిండా షరతులే. సాగు చెయ్యాలి. అమ్మకూడదు. సర్కారు అడిగితే వదిలెయ్యాలి. సత్యవేడు 1960 దాకా చెంగల్పట్టు జిల్లాలో ఉండేది. ఆ జిల్లా కలెక్టరు ట్రెమెన్‌హీర్ 1891లో పరయర్ల దుస్థితి మీద నివేదిక రాసి, వాళ్లకు భూమి ఇవ్వాలన్నాడు. మరుసటేడు మద్రాసు ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది, అమ్మకంపై ఆంక్షలతోనే. మన భూమికి షరతుల చరిత్ర అంత పాతది. ఇరవై ఏళ్లు దాటిన అసైన్డ్ భూమిని అమ్ముకోవచ్చని మన రాష్ట్రంలో 2023లో చట్టం మార్చారు. సెజ్‌లకు భూములు పోయి అప్పటికే పదిహేనేళ్లు! జడ్చర్ల దగ్గర పోలేపల్లిలో పోయినవి ఎవరి భూములో గుర్తుచేసుకోండి.

అదే సెజ్ భూమి డెవలపర్ చేతికొస్తే? ఆంధ్రప్రదేశ్‌తో సహా నాలుగు రాష్ట్రాల్లో 11 సంస్థలు సెజ్ భూములు తాకట్టుపెట్టి రూ.6,309 కోట్ల అప్పు తెచ్చుకున్నాయని 2014లో కాగ్ రాసింది. 2006-07 నుంచి 2012-13 దాకా వదులుకున్న పన్ను రూ.83,104 కోట్లని కూడా రాసింది. సబ్ ప్లాన్ కోసం ధర్నాలు చేసిన మనం ఇక్కడ ఆగాలి. ఖజానాలోకి వచ్చి బడ్జెట్‌లో చేరిన రూపాయిలోనే సబ్ ప్లాన్ వాటా. బయటే ఆగిపోయిన రూపాయిలో మనకు లెక్కే లేదు. 2011 జనాభా లెక్కల్లో దేశంలో ఎస్సీలు 16.6 శాతం. ఆ దామాషాలో వేసుకుంటే 83,104 కోట్లలో దాదాపు 13,800 కోట్లు.

'రాయితీ లేకపోతే కంపెనీలే రావు కదా సార్' అని నా క్లాసులో ఓ పిల్లవాడు అడిగాడు. మంచి ప్రశ్నే. మాఫీ చేసిన పన్నంతా వసూలయ్యేదని నేనూ అనను. కానీ శ్రీసిటీలోనే సెజ్ కాని భాగం ఉంది, ఈ మినహాయింపులు లేని భాగం. అక్కడా ఫ్యాక్టరీలు కట్టారు కదా! చెన్నై దగ్గర, హైవే పక్కనే, ఓడరేవులు అందుబాటులో. పైగా తక్కువ జీతానికి మన పిల్లలు.

సత్యవేడు అసెంబ్లీ సీటు ఎస్సీ రిజర్వుడు. సూళ్లూరుపేట ఎస్సీ. తిరుపతి పార్లమెంటు ఎస్సీ. మన పేరుతో గెలిచినవాళ్లు సభలో అడగాల్సింది ఎంతో లేదు: ఒక్కో యూనిట్‌కు మాఫీ ఎంత, ఎస్సీ ఎస్టీ ఉద్యోగులు ఎందరు, పర్మినెంటు ఎందరు, కాంట్రాక్టు ఎందరు. వాళ్లు అడిగేదాకా మనం ఎదురుచూడనక్కర్లేదు. డెవలప్‌మెంట్ కమిషనర్‌కు ఆర్టీఐ దరఖాస్తు నేను రాసిపెడతాను. సంతకం పెట్టేవాళ్లు పేరు, ఊరు పంపండి.