ఆడించే టీచర్లను పోగొట్టుకుంటున్నాం

మూడేళ్ల పిల్లకు నాలుగు గీతల కాపీ పుస్తకం ఇచ్చి, పేజీకో ఇంగ్లిష్ అక్షరం నింపుకు రమ్మనే బడులు ఇప్పుడు పట్టణాలకే పరిమితం కాలేదు. మండల కేంద్రాల్లో ఉన్నాయి, స్కూలు ఆటో వెళ్లగలిగిన పల్లెలన్నిటి నుంచీ పిల్లల్ని చేర్చుకుంటున్నాయి. సాయంత్రం తల్లి ఆ చిన్న చేతిని తన చేత్తో పట్టుకుని దిద్దిస్తుంది. పిల్ల ఏడుస్తుంది. ఏడుపు ఆగాక మళ్లీ దిద్దిస్తుంది. నిండిన పేజీలు చూసి, కట్టిన ఫీజు వృథా పోలేదని తండ్రి ఊరటపడతాడు. ఎల్‌కేజీ, యూకేజీ అంటే ఇదేనన్న నమ్మకం తెలుగు రాష్ట్రాల్లో పాతుకుపోయింది. ఈ నమ్మకం పిల్లలకు హాని చేస్తోంది. ఆటతో నేర్పడం తెలిసిన టీచర్లనూ మెల్లగా మాయం చేస్తోంది. రెండో నష్టాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోవడం లేదు.

మూడేళ్ల వయసుకు మణికట్టులోని చిన్న ఎముకలు చాలావరకు ఇంకా గట్టిపడవు. పెన్సిల్‌ను మూడు వేళ్ల మధ్య నిలకడగా పట్టుకోవడం ఎక్కువ మంది పిల్లలకు ఐదారేళ్లకు గానీ కుదరదు. ఆ పట్టు మట్టి పిసికితే, పూసలు గుచ్చితే, ముగ్గుపిండి వేళ్ల మధ్య నుంచి జారవిడిస్తే, కాగితం చింపి అతికిస్తే వస్తుంది. పేజీలకు పేజీలు రాయించినందువల్ల రాత ముందుగా రాదు. రాతంటే భయం మాత్రం ముందుగా వస్తుంది.

ఇది విద్యావేత్తల మధ్య ఇంకా తెగని వాదమేమీ కాదు. మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్లలోపే జరుగుతుందని 2020 జాతీయ విద్యా విధానం చెప్పింది. మూడు నుంచి ఎనిమిదేళ్ల వరకు పునాది దశగా గుర్తించి, ఆ దశలో ఆటే బోధన పద్ధతి కావాలంది. 2022 అక్టోబరులో వెలువడిన పునాది దశ పాఠ్యప్రణాళిక చట్రం ఇంకా స్పష్టంగా మాట్లాడింది. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు నిర్ణీత పాఠ్యపుస్తకాలే వద్దంది, ఈ దశలో పరీక్షలు పెట్టడం బొత్తిగా తగదంది. అయినా యూనిట్ టెస్టులు పెట్టే నర్సరీలు, ర్యాంకులు ప్రకటించే యూకేజీలు మన వీధుల్లో బోర్డులు కట్టుకుని నడుస్తున్నాయి. వాటిని ఆపే చెయ్యి లేదు. విద్యాహక్కు చట్టం ఆరేళ్ల నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు హక్కు ఇచ్చింది. అంతకంటే చిన్నవాళ్ల విషయాన్ని 11వ సెక్షన్‌లో ప్రభుత్వాల ఇష్టానికి వదిలింది. 2002లో సవరించిన రాజ్యాంగం 45వ అధికరణం ఆరేళ్లలోపు పిల్లల సంరక్షణకు, చదువుకు రాజ్యం ప్రయత్నించాలంటుందే తప్ప, దాన్ని హక్కు చేయలేదు. మనిషి జీవితంలో అత్యంత కీలకమని ప్రభుత్వమే ఒప్పుకున్న వయసుకు చట్టం అండ ఇంత బలహీనంగా ఉంది.

ఇంగ్లిష్ మీడియం సంగతి ఇక్కడే చెప్పాలి. ఇంగ్లిష్ మీద తల్లిదండ్రుల ఆశను తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. కూలికి వెళ్లే తల్లి బిడ్డకు ఇంగ్లిష్ కావాలనుకోవడం పూర్తిగా న్యాయం. కానీ పిల్లకు ఇంగ్లిష్ రాదు, చాలా బడుల్లో టీచరుకూ ధారాళంగా రాదు, తెలుగులో మాట్లాడితే యాజమాన్యం ఊరుకోదు. ఇక తరగతిలో జరగగలిగేది ఏమిటి? బోర్డు మీద రాసింది చూసి రాయడం, అందరూ కలిసి అరవడం. ఆటకు మాట కావాలి. ‘నువ్వు డాక్టరువి, నేను మందులు ఇస్తా’ అని ఒక పిల్ల ఇంకో పిల్లతో చెప్పుకోవాలంటే ఇద్దరికీ వచ్చిన భాష ఉండాలి. నోరు కట్టేసిన తరగతిలో ఆట పుట్టదు.

ఆట అంటే పిల్లల్ని వదిలేయడం అనుకునేవాళ్లు ఎక్కువ. అందుకే టీచరుకు ఇందులో పనేముందని అడుగుతారు. పని తెలిసిన అంగన్‌వాడీ టీచరు చేతిలో అరగంట ఎలా గడుస్తుందో చూడండి. చాప మీద చింతగింజలు, కుంకుడుకాయలు, సీసా మూతలు కలిపి పోస్తుంది. వేటికవి వేరు చేయమంటుంది. ఒకడు రంగును బట్టి విడదీస్తాడు, ఇంకొకడు ఆకారాన్ని బట్టి. ఎవరిదీ తప్పని అనదు, ‘ఎందుకలా పెట్టావు నాన్నా?’ అని అడుగుతుంది. వాడు చెప్పేదాకా ఆగుతుంది. తర్వాత ఒకే ఎత్తుకు వచ్చేలా రెండు కుప్పలు పెట్టి, ‘ఏ కుప్పలో ఎక్కువున్నాయి?’ అంటుంది. కుంకుడుకాయలు పెద్దవి గనుక ఐదారింటితోనే కుప్ప నిండిపోతుంది, చింతగింజల కుప్ప ఇరవై పట్టినా దానికంటే ఎత్తుగా కనిపించదు. పిల్లలు వాదులాడుకుంటారు, లెక్కపెట్టుకుంటారు, మధ్యలో తప్పుతారు, మళ్లీ మొదలుపెడతారు. సంఖ్య అంటే పరిమాణం కాదన్న ఎరుక అక్కడ పుడుతుంది. వంద వరకు అంకెలు గడగడా చెప్పే యూకేజీ పిల్లలు ఎందరికో ఆ ఎరుక ఉండదు. ఏ ప్రశ్న ఎప్పుడు అడగాలో, ఎప్పుడు నోరు మూసుకుని చూడాలో, మూల కూర్చున్న బెరుకు పిల్లను ఆటలోకి ఎలా తేవాలో తెలియడం గొప్ప వృత్తి నైపుణ్యం. ఏళ్ల తరబడి పిల్లల మధ్య ఉంటే, మంచి శిక్షణ దొరికితే అబ్బుతుంది.

మన దేశంలో ఈ నైపుణ్యానికి చరిత్ర కూడా ఉంది. న్యాయవాద వృత్తి వదిలి గిజుభాయి బధేకా 1920లో భావనగర్‌లో బాలమందిరం తెరిచారు. తారాబాయి మోడక్, అనుతాయి వాఘ్ 1945 నుంచి మహారాష్ట్ర తీరంలోని బోర్డీలో, తర్వాత కోస్‌బాడ్‌లో ఆదివాసీ పిల్లల వాకిళ్లకే బడిని తీసుకెళ్లారు. గులకరాళ్లు, ఆకులు, మట్టి, విత్తనాలే అక్కడ బోధన సామగ్రి. 1939లో మద్రాసు వచ్చిన మరియా మాంటిస్సోరి యుద్ధకాలమంతా ఈ దేశంలోనే ఉండి టీచర్లకు శిక్షణ ఇచ్చారు. ఈ పని డబ్బున్నవాళ్ల బడుల్లోనే సాధ్యమన్న మాట మన అనుభవానికే విరుద్ధం.

అదే పనికి ప్రభుత్వం కట్టుకున్న అతి పెద్ద ఏర్పాటు అంగన్‌వాడీ. 1975 అక్టోబరు 2న 33 బ్లాకుల్లో మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం ఇవాళ ఆంధ్రప్రదేశ్‌లో 55 వేలకు పైగా, తెలంగాణలో 35 వేలకు పైగా కేంద్రాలుగా విస్తరించింది. ఆ పథకం చెప్పిన ఆరు సేవల్లో పూర్వ ప్రాథమిక విద్య ఒకటి. ఆచరణలో అన్నిటికంటే వెనక్కి నెట్టబడుతున్నది అదే. గుడ్లు, పాలు వచ్చాయో లేదో చూసుకోవాలి. గర్భిణులకు, బాలింతలకు భోజనం, సరుకులు అందించాలి. పిల్లల బరువు, ఎత్తు కొలవాలి. టీకాల రోజు తల్లుల్ని పిలుచుకు రావాలి. చాలాచోట్ల ఓటర్ల జాబితా పనీ వీళ్లదే. వీటన్నిటినీ ఫోన్‌లోని పోషణ్ ట్రాకర్ యాప్‌లో ఎక్కించాలి. ఇంటికిచ్చే సరుకులకు 2025 జూలై నుంచి ముఖ గుర్తింపు తప్పనిసరి చేశారు. సిగ్నల్ లేని ఊళ్లో ఫోన్ పట్టుకుని ఒక బాలింత ముఖం కోసం టీచరు పావుగంట నిలబడితే, లోపల పిల్లల్ని ఆయా చూసుకోవాలి. ఆయా పొయ్యి దగ్గర ఉంటుంది. ఆ పిల్లలకు ఆ పూట కథ లేదు, ఆట లేదు.

సరుకులు, టీకాలు అనవసరమని ఎవరూ అనరు. ఆకలితో ఉన్న పిల్లకు ఆట రుచించదు. అన్నీ ఒక్క మనిషి మీదే ఎందుకు వేయాలన్నదే ప్రశ్న. దీనికి జవాబు పొరుగునే ఉంది. తమిళనాడు అంగన్‌వాడీల్లో కార్తీక్ మురళీధరన్, మరికొందరు ఆర్థికవేత్తలు ఒక ప్రయోగం చేశారు. ఎంపిక చేసిన కేంద్రాల్లో సగం పూట పనిచేసే మరో కార్యకర్తను అదనంగా నియమించారు. పిల్లలకు బోధించే సమయం రెట్టింపైంది. ఏడాదిన్నర తర్వాత ఆ పిల్లలు లెక్కల్లో, భాషలో మిగతావాళ్లకంటే గట్టిగా ముందున్నారు. పోషణ లోపం కూడా తగ్గింది. భవనం కట్టనక్కర్లేదు, టీవీ పెట్టనక్కర్లేదు. మనిషి కావాలి.

ఆ మనిషికి మనం ఇస్తున్నదేమిటి? కేంద్రం నిర్ణయించిన గౌరవ వేతనం 2018లో నెలకు 4,500 రూపాయలకు చేరింది. రాష్ట్రం అదనంగా ఇచ్చేదాన్ని కలుపుకుని ఆంధ్రప్రదేశ్‌లో 2019 నుంచి 11,500, తెలంగాణలో 2021 నుంచి 13,650 అయింది. టీచరని పిలుస్తాం, ఉద్యోగి అని ఒప్పుకోం. అంగన్‌వాడీ కార్యకర్తలు గ్రాట్యుటీకి అర్హులని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ తీర్పు వచ్చిన ఏడాదిన్నర తర్వాత కూడా, 2023 డిసెంబరు నుంచి ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీలు గ్రాట్యుటీ, జీతాల పెంపు కోరుతూ 42 రోజులు సమ్మె చేయాల్సి వచ్చింది. వాళ్ల మీద అత్యవసర సేవల నిర్వహణ చట్టం (ఎస్మా) ప్రయోగించారు. అత్యవసర సేవ అని ఎస్మాకు మాత్రమే గుర్తొచ్చిన పని ఇది. ప్రైవేటు ప్లేస్కూళ్ల టీచర్ల పరిస్థితి ఇంతకంటే మెరుగని అనుకోవద్దు. నియామక పత్రం లేకుండా, వేసవి రెండు నెలలు జీతం లేకుండా పనిచేసేవాళ్లు ఎందరో. పిల్లలతో ఆడాలని మనసున్నా, వారంలో ఎన్ని పేజీలు రాయించావని అడిగే యాజమాన్యం ముందు వాళ్లు నిస్సహాయులు.

అంగన్‌వాడీల్లో పోషణతో పాటు చదువూ ఉండాలంటూ కేంద్రం 2023లో ‘పోషణ్ భీ పఢాయీ భీ’ కార్యక్రమం ప్రారంభించింది, మరుసటి ఏడాది మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు ‘ఆధారశిల’ ప్రణాళిక ఇచ్చింది. 48 వారాలకు ఆటలు, కథలు వరసగా అమర్చిన మంచి ప్రణాళిక అది. దాన్ని నడపాల్సిన టీచరుకు ఇచ్చిన శిక్షణ మూడు రోజులు. ప్రాథమిక పాఠశాల టీచరుకు రెండేళ్ల డిప్లొమా అడిగే వ్యవస్థ, అంతకంటే సున్నితమైన వయసుకు మూడు రోజులు చాలనుకుంది.

ఇప్పుడు ముందున్న ప్రమాదం ఇంకొకటి. అంగన్‌వాడీల నుంచి పిల్లలు ప్రైవేటుకు వెళ్లిపోతున్నారని, ప్రభుత్వ బడుల్లోనే పూర్వ ప్రాథమిక తరగతులు తెరవడం మొదలైంది. తెలంగాణ 2025-26 నుంచి కొన్ని బడుల్లో తెరిచింది. ఉద్దేశం మంచిదే. కానీ ప్రైవేటుతో పోటీ పడాలన్న తొందరలో ఆ తరగతులు కూడా కాపీ పుస్తకాలనే నమ్ముకుంటే, ఆట బతికున్న చివరి చోటూ పోతుంది. అంగన్‌వాడీలో మూడేళ్లు దాటిన పిల్లలు మిగలరు. అది గుడ్లు పంచే కేంద్రంగా మిగులుతుంది. ఇరవై, ముప్పై ఏళ్లు పిల్లలతో గడిపిన టీచర్లు రిజిస్టర్లు రాస్తూ పదవీ విరమణ చేస్తారు. వాళ్ల చేతిలోని పని నేర్చుకునేవాళ్లు ఉండరు. ఆట పోతే పిల్లలకు ఏం నష్టమో తెలియక కాదు. అస్సాం, రాజస్థాన్, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లలో వేలాది పిల్లల్ని నాలుగేళ్ల వయసు నుంచి ఎనిమిదేళ్ల దాకా గమనించిన అధ్యయనం 2017లో వెలువడింది. ప్రైవేటులోనూ, ప్రభుత్వ కేంద్రాల్లోనూ ఎక్కువ చోట్ల బోధన వయసుకు తగ్గట్టు లేదని, ఆటకు చోటున్న కేంద్రాల పిల్లలే బడికి బాగా సిద్ధమయ్యారని అది తేల్చింది. మన నేల మీదే దొరికిన ఈ సాక్ష్యాన్ని మనం పక్కన పెట్టాం.

రెండు రాష్ట్రాల ప్రభుత్వాలూ వెంటనే ప్రతి అంగన్‌వాడీకి పిల్లల చదువు కోసమే రెండో టీచరును నియమించాలి. పొద్దున పిల్లలు ఉన్న వేళల్లో యాప్‌ల పని, సర్వేలు నిషేధించాలి. ఏడాదికి తగ్గని శిక్షణ, దానికి తగిన జీతం ఇవ్వాలి. నర్సరీ నుంచి యూకేజీ దాకా పరీక్షలు పెట్టే, రాత హోంవర్క్ ఇచ్చే బడులకు గుర్తింపు ఇవ్వకుండా చట్టం తేవాలి. ఇవన్నీ ఖర్చుతో కూడినవే. పదో తరగతిలో, ఇంటర్లో తప్పిన పిల్లల కోసం ఏటా మనం పెడుతున్న ఖర్చు కంటే, కార్పొరేట్ కోచింగులకు ఇళ్లు అమ్మి పోస్తున్న డబ్బు కంటే ఇది న్యాయమైన ఖర్చు.

తల్లిదండ్రులకు మా విజ్ఞప్తి ఒకటే. జూన్‌లో పిల్లను చేర్పించడానికి వెళ్లినప్పుడు ఫీజు, బస్సు, యూనిఫాం సంగతి అడిగాక ఇంకో రెండు ప్రశ్నలు అడగండి. రోజూ ఎంతసేపు కథ చెబుతారు? ఎంతసేపు, దేనితో ఆడిస్తారు? సూటిగా జవాబు చెప్పలేని బడిలో మీ బిడ్డను చేర్పించకండి.