బాలుర వర్ణక్రమ దోషములు
బాలుర వ్రాతలో దొరలు తప్పులన్నియు ఒక్క తీరువి కావు. ఐదారేండ్ల వయసున ‘మ’, ‘య’లును ‘ప’, ‘వ’లును తారుమారగుట కంటికిని చేతికిని సంబంధించిన లోపము, అభ్యాసముచే తొలగును. ‘బాధ’ను ‘బాద’ యని వ్రాయుట చెవిని నమ్మిన ఫలము. అచ్చతెనుగు పలుకులలో ఒత్తక్షరములు మిక్కిలి అరుదు. వాడుకలో సంస్కృతపదముల ఒత్తులును తరచు సడలును. పై తరగతులలో ఆ బాలుడే ‘భాద’ యని వ్రాసినచో, ఒత్తు కలదని యెరిగియు దాని తావు తెలియక తడబడుచున్నాడన్నమాట. ఈ తప్పు ఎదుగుదలకు గుర్తు. ఈ మూడింటికిని ఒకే ఎర్రసిరా గీత, ఒకే మార్కుల కోత విధించుట న్యాయము కాదు. మొదటిదానికి చేవ్రాత సాధనయు, రెండవదానికి స్ఫుటమైన పఠనమును, మూడవదానికి ‘బాధితుడు’, ‘బాధాకరము’ వంటి జ్ఞాతిపదముల పరిచయమును తగిన మందులు. ఉపాధ్యాయుడు తప్పులను లెక్కించుటకు ముందు వానిని వర్గీకరింపవలెను.