తాళం దేనికి వేస్తున్నారు?

తార్నాకలో మా ఇంటికి అటు విశ్వవిద్యాలయం, ఇటు రసాయన పరిశోధనాలయం. 2025 నవంబరులో, ఆముదం గింజల నుంచి రైసిన్ విషం తీయబోయాడన్న ఆరోపణపై గుజరాత్ పోలీసులు ఒక హైదరాబాదు వైద్యుణ్ణి అరెస్టు చేశాక ఇక్కడ ఒకటే చర్చ: ఉగ్రవాదం, కాపలా, రహస్యం. ఆ భయం వట్టిదనను. కానీ 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ వెంకటాపురంలో స్టైరిన్ ఆవిరికి 12 మంది చనిపోయింది ఏ ఉగ్రవాది వల్ల? ఎల్‌జీ పాలిమర్స్‌లో సైరన్ కూడా మోగలేదు.

భోపాల్ తర్వాత వచ్చిన 1989 నిబంధనల ప్రకారం, చుట్టుపక్కల జనానికి ప్రమాదం గురించి ముందే చెప్పి తీరాలి. భద్రత పేరుతో అదీ దాచేస్తే, నిద్రపోయే పిల్లల్ని చంకనేసుకుని ఎటు పరిగెత్తాలో తెలియక చీకట్లో నిలబడేది ఆడవాళ్లమే. గిడ్డంగికి తాళం వేయండి, సమాచారానికి కాదు. ప్రమాద ప్రణాళికలను మన బస్తీల్లో, మన భాషలో చదివి వినిపించమని నిలదీద్దాం.