వంటయింటి ముచ్చటలు: పెసరట్టు

దూరదేశముల కేఁగిన మన బిడ్డలలోఁ బలువురకుఁ దెల్లవాఱఁగనే జ్ఞప్తికి వచ్చునది పెసరట్టు. రొట్టెయు వెన్నయు నాఁకలిని దీర్చునుగాని, అల్లపుఁ బచ్చడితోడి యట్టు పుట్టినింటిని గన్నులకుఁ గట్టునట్లు చేయును.

శీతలదేశములందు ఇడ్డెనల పిండి పులియుట కష్టము. పెసరపిండిని బులియఁబెట్టఁ బనిలేదు. పొట్టుతోడి పెసలను 5, 6 గంటలు నానవైచి, గుప్పెడు బియ్యము, అల్లము, పచ్చిమిరపకాయలు, ఉప్పు చేర్చి రుబ్బి, వెంటనే పెనముపైఁ బలుచగాఁ బోయవచ్చును. పైని జీలకఱ్ఱయు నుల్లిముక్కలును జల్లవలెను. పొట్టు తీయరాదు, పీచుపదార్థము విశేషముగా నందే యున్నది.

పరదేశమునఁ బుట్టిన మనుమరాలికి మన మాట తడఁబడినను, ఈ రుచి తెలిసియున్నచో అమ్మమ్మ యింటికి దారి మూసికొనిపోదు. కావునఁ గూఁతును సాగనంపునపుడు నగలతోఁబాటు ఈ విద్యను గూడ నొసఁగుఁడు. కొడుకునకును దప్పక నేర్పుఁడు.