బోర్డు మీద ‘ఆస్టియోపాత్’ అని ఉంటే...

అమెరికాలో ఉన్న మీ అబ్బాయి ‘మా డాక్టరు ఎండీ కాదు, డీవో’ అంటే కంగారు పడకండి. అక్కడ డీవో అంటే ఆస్టియోపతి చదివిన పూర్తిస్థాయి వైద్యుడే. నాలుగేళ్ల మెడికల్ కాలేజీ, పరీక్షలు, రెసిడెన్సీ, ఆపైన రాష్ట్రం ఇచ్చే లైసెన్సు. మందులు రాస్తారు, ఆపరేషన్లూ చేస్తారు.

అదే పేరు మన ఊళ్లో బోర్డు మీద కనిపిస్తే మాత్రం ఒక్క నిమిషం ఆగండి. మన దేశంలో ఆస్టియోపతికి మెడికల్ కౌన్సిల్ లాంటి ప్రత్యేక కౌన్సిల్ లేదు. నాలుగు రోజుల కోర్సు సర్టిఫికెట్టుకు ఫ్రేము కట్టించినంత మాత్రాన అది రిజిస్ట్రేషన్ అయిపోదు.

ధర్మవరంలో మగ్గం గుంతలో కూర్చునే నేతన్నకైనా, పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీలో షిఫ్టు చేసే కుర్రాడికైనా, హిందూపురంలో రోజంతా కొట్లో నిలబడే వాళ్లకైనా నడుము నొప్పి తప్పదు. మెటికలు విరిచినట్టు ‘ఒక్కసారి విరిస్తే పోతుంది’ అంటే ఆశ పుడుతుంది. కానీ నొప్పితో పాటు సాయంత్రం జ్వరం వస్తూ, బరువు తగ్గుతుంటే అది వెన్నెముక క్షయ కావచ్చు. దాన్ని విరిస్తే కాళ్లు చచ్చుబడే ప్రమాదం ఉంది. మెడను ఒక్కసారిగా గట్టిగా తిప్పితే, అరుదుగానే అయినా, రక్తనాళం చీలి పక్షవాతం రావచ్చు.

డాక్టరునని చెప్పే వారిని మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. మొహమాటం వద్దు; నన్ను అడిగినా నేనేమీ అనుకోను. కాళ్లలో తిమ్మిరి ఎక్కువవుతున్నా, మూత్రం ఆగిపోయినా ఎవరి చేతా నొక్కించుకోకుండా అదే రోజు ఆసుపత్రికి రండి.