నోటిపూత, ఒత్తిడి
పదేపదే వచ్చే నోటిపూతను ఒంట్లోని వేడికి అంటగట్టి మజ్జిగతోనో బి-కాంప్లెక్స్ మాత్రతోనో సరిపెట్టుకోవడం వాడుకే అయినా, నిలకడలేని టమాటా ధరపై బతుకులు ఆధారపడిన పలమనేరు వంటి ప్రాంతంలో మనసు మోసే బరువును కూడా కారణాల్లో చేర్చి చూడటం సమంజసం. మూత్రపిండాల పైనుండే అడ్రినల్ గ్రంథులు ఒత్తిడి వేళ కార్టిసాల్ అనే హార్మోనును అధికంగా స్రవిస్తాయి. అది దీర్ఘకాలం కొనసాగితే రోగనిరోధక వ్యవస్థ తీరు తప్పి, దానికి చెందిన టి-కణాలే నోటి లోపలి పలుచని పొరను దెబ్బతీస్తాయన్నది ఒక వివరణ. లాలాజలంలో కార్టిసాల్‌ను కొలిచిన పరిశోధనల ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగవు గనుక ఒత్తిడినే ఏకైక దోషిగా నిలబెట్టడం తొందరపాటు: ఇనుము, ఫోలేట్, బి12 లోపాలకూ, వంశపారంపర్యానికీ, ఆందోళనలో తెలియకుండా కొరుక్కునే బుగ్గకూ ఇందులో వాటా ఉంది. సాధారణమైన చిన్న పుండు 7 నుంచి 14 రోజుల్లో మానుతుంది. 3 వారాలు దాటినా మానని దాన్ని, ముఖ్యంగా వక్క, పొగాకు నమిలేవారు, వేడేనని ఉపేక్షించక వైద్యునికి చూపించుకోవాలి.