ఇంటి ముచ్చట్లు: నెలనాళ్ల చుట్టములు



మా పొరుగింటివారు బదిలీయై దూరప్రాంతమునకు పోవుచు, తమ గినీపందుల జంటను వేరొక గృహము దొరకువరకు మా యింట నుంచిపోయిరి. పేరునకు పందులేగాని యివి పందిజాతివి కావు. ఎలుకవలె కొరుకుపండ్లుగల సాధుజంతువులు. దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతప్రాంతపు ప్రజలు వేలయేండ్ల క్రిందటనే వీనిని మచ్చిక చేసికొనిరి.

నెలనాళ్ల పెంపకమే గదా యని తేలికగా తలంచితిని. మొదటిదినముననే గిన్నెనిండ ధాన్యపుగింజలు పోసి, మేలుచేసితి ననుకొంటిని. అది పొరపాటు. వీని ముఖ్యాహారము ఎండుగడ్డి. వీని పండ్లు జీవితాంతము పెరుగుచునే యుండును. గడ్డి నమలుటచేత అరిగి మితముగా నుండును. కావున గడ్డి రేయింబవళ్లు ఎదుట నుండవలెను. ఒకదినము మేత ముట్టకున్నను ప్రాణాపాయమే. తక్షణము పశువైద్యునకు చూపవలెను.

మనకువలెనే వీని శరీరమునకును సి విటమినును తయారుచేసికొను శక్తి లేదు. 1907లో నార్వే శాస్త్రజ్ఞులు హోల్స్ట్, ఫ్రోలిక్ అనువారు కేవలము ధాన్యము మేపినచో వీనికి స్కర్వీవ్యాధి కలుగుటను కనుగొనిరి. అదిమొదలు నేను దినదినము కారములేని బుట్టమిరపముక్క, కొత్తిమీర పెట్టుచుంటిని. ఉల్లి, బంగాళాదుంప, వండిన పదార్థములు దగ్గరకు రానీయరాదు. వేడియు వీనికి గిట్టదు. ఇంటిలో మిక్కిలి చల్లనిగది వీనికి విడువవలెను.

జంట యన్నంతమాత్రమున నమ్మరాదు. మగపిల్ల మూడువారముల వయసుననే సంతానశక్తి పొందగలదు. రెండును ఆడువే యని వైద్యునిచే నిర్ధారణ చేయించితిని.

మూడవవారమున ఒక పెద్దమనిషి వచ్చి, “అమ్మా, గోధుమవన్నెదానిని మాత్రము ఇప్పింపుడు. తెల్లదాని కన్ను మసకగా నున్నది” అనిరి. ఒకటి పోయినను భారము తగ్గునని మావారి యభిప్రాయము. నాకును గడ్డికై తిరుగుట విసుగుగానే యుండెను. కాని తెల్లది తోడుదాని పిలుపు విననిదే గూటినుండి వెలికి రాదు. ఇవి గుంపుగా బ్రదుకు జీవులు. ఒంటరిగా నుంచరాదని స్విట్జర్లండులో 2008 నుండి చట్టమే కలదు. “ఇచ్చిన రెండింటిని ఇత్తును, లేకున్న ఈయను” అని చెప్పి పంపితిని. మావారు రెండుదినములు ముభావముగా నుండిరి.

పదిదినములకు ఒక ఉపాధ్యాయిని వచ్చి, కన్ను మసకయైనదానినే ముందుగా ఒడిలోనికి తీసికొనెను. మా యమ్మాయి నన్ను చాటునకు పిలిచి, “అమ్మా, మనమే పెంచుకొనరాదా?” యని కన్నీరు పెట్టుకొనెను. ఇవి అయిదేండ్లు మొదలు ఏడేండ్లవరకు జీవించును. మా మేడగది వేసవిలో కొలిమివలె నుండును. మన ప్రేమకొరకు వానిని ఎండలో మాడ్చుట ప్రేమ కాదని నచ్చజెప్పితిని.

వారమువారము వానిని తూచి బరువు వ్రాయుట అమ్మాయి పని. బరువు తగ్గుటయే రోగమునకు తొలిగుర్తు. ఆ కాగితమును తానే మడిచి ఉపాధ్యాయిని చేతి కిచ్చి, “ఆదివారమునాడు తూచవలెనండీ” అని చెప్పెను. అప్పటికి కన్నీరు తుడుచుకొనియుండెను.